ఇంటికొక బస్తా శనగలు: హమ్మస్ అనే శనగ పచ్చడి



ఈ నెల పాఠం ఒక పచ్చడి గురించి. ఆసుపత్రి పత్రికలో పచ్చడి ఏమిటని మీరు నవ్వుకోవచ్చు. దాని కారణం ముందు చెప్తాను.

కిందటి మిరపకోతల కాలంలో ముప్పై ఏళ్లు కూడా నిండని ఒక తల్లి మా ఓపీకి వచ్చింది. రెండెకరాలు కౌలుకు చేసుకుంటూ, కోతలప్పుడు కూలికి కూడా వెళ్లే మనిషి. నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం, పొద్దున లేవగానే కళ్లు తిరగడం, రాత్రిళ్లు కాళ్లు లాగడం. కింది కనురెప్ప దించి చూస్తే పాలిపోయి తెల్లగా ఉంది. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 7.2 గ్రాములు వచ్చింది. స్త్రీకి మామూలుగా 12 గ్రాములైనా ఉండాలి. గర్భిణికి 11 అయినా ఉండాలి.

"ఏం తింటున్నావమ్మా?" అని అడిగాను.

"అన్నమేనండి సిస్టర్ గారూ. పొద్దున పచ్చడి మెతుకులు, మధ్యాహ్నం చేలో మళ్లీ పచ్చడి మెతుకులు. రాత్రికి చారో, ఏదో ఒక కూరో. మధ్యలో టీ."

"మీ ఇంట్లో శనగలు లేవా?"

"ఎందుకు లేవండీ! వసారాలో పదిహేను బస్తాలున్నయ్. అయ్యి అమ్మటానికి గదండీ!"

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. వసారా నిండా మాంసకృత్తులు, ఇనుము ఉన్నాయి. ఆ ఇంటి ఇల్లాలి ఒంట్లో రక్తం లేదు. ఈమె ఒక్కతే కాదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుండి 49 ఏళ్ల వయసు స్త్రీలలో సగం మందికి పైగా రక్తహీనత ఉన్నట్టు తేలింది. అందుకే అమ్మే శనగల్లో కొన్నింటిని మన కంచంలోకి తెచ్చే ఒక సులువైన దారిని ఈ పాఠంలో నేర్చుకుందాం.

హమ్మస్ అంటే ఏమిటి?

మా దగ్గర నర్సింగ్ చదివి కువైట్‌లో ఉద్యోగం చేస్తున్న ఒక అమ్మాయి సెలవుకు వచ్చినప్పుడు హాస్టల్ వంటగదిలో దీన్ని చేసి పెట్టింది. "ఏం చేశావే?" అంటే "హమ్మస్, మేడమ్" అంది. నోట్లో పెట్టుకోగానే మా వంటామె, "ఇంతేనా! ఇది శనగ పచ్చడేగా" అంది. ఆమె మాటే నిజం. అరబ్బీ భాషలో హమ్మస్ అంటే శనగ అనే అర్థం. ఉడికించిన శనగలు, నువ్వుల ముద్ద, నిమ్మరసం, వెల్లుల్లి, ఉప్పు కలిపి మెత్తగా నూరితే హమ్మస్. లెబనాన్, సిరియా, పాలస్తీనా, ఇజ్రాయెల్, జోర్డాన్ దేశాల్లో దీన్ని రొట్టెతో అద్దుకుని తింటారు. గల్ఫ్‌లో పనిచేసి వచ్చిన మన వాళ్లలో చాలామంది దీని రుచి ఎరుగుదురు.

పేరు కొత్తదే గాని, ఇందులో పడే వస్తువు ఒక్కటీ మనకు కొత్త కాదు. నువ్వులు, వెల్లుల్లి ప్రతి ఇంటి పోపుల డబ్బా దగ్గర ఉంటాయి. నిమ్మకాయలకు తెనాలి మార్కెట్ ఉండనే ఉంది. ఇక శనగలంటారా, అవి మన నల్లరేగడి పంట.

మన శనగ కథ

శనగను మనిషి మొదట సాగు చేసింది ఇప్పటి టర్కీ దేశపు ఆగ్నేయ భాగంలో అని, అది సుమారు పది వేల ఏళ్ల కిందటి మాట అని శాస్త్రజ్ఞులు చెబుతారు. ఇందులో రెండు రకాలున్నాయి. చిన్నగా, గోధుమ రంగు పొట్టుతో ఉండేవి దేశవాళీ శనగలు. వీటినే మనం ఎర్ర శనగలు అంటాం. లావుగా, లేత రంగులో ఉండేవి కాబూలీ శనగలు. ఇవి మన తెల్ల శనగలు.

పత్తి, పొగాకు పండే ఒంగోలు, పర్చూరు, ఇంకొల్లు చుట్టుపక్కల నల్ల నేలల్లోకి 1990ల చివరి నుండి శనగ బాగా వచ్చింది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్, జబల్‌పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం కలిసి తయారు చేసిన జేజీ-11 అనే ఎర్ర శనగ రకం 1999లో విడుదలైంది. తెల్ల శనగల్లో కాక్-2 రకం మన రైతులందరికీ తెలిసిందే. అక్టోబరు, నవంబరు నెలల్లో విత్తితే నేలలో మిగిలిన తేమతోనే మూడు నెలలు, మూడున్నర నెలల్లో పంట చేతికొస్తుంది. తరువాత బస్తాలకెత్తి అమ్ముతాం, ధర లేకపోతే కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఎదురుచూస్తాం. ఇంట్లో వండుకోవడం మాత్రం ఏ పండక్కో, పేరంటానికో పరిమితం చేసుకున్నాం.

ఈ పచ్చడిలో ఏముంది?

1. మాంసకృత్తులు: 100 గ్రాముల ఎండు శనగల్లో సుమారు 18 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. బియ్యంలో 7, 8 గ్రాములే. పైగా బియ్యంలో లోపించే లైసిన్ శనగలో ఉంది. శనగలో తక్కువగా ఉండే మెథియోనిన్ నువ్వుల్లో ఉంది. ఒకదాని లోటు ఒకటి తీర్చుకుంటాయి గనుక ఈ మూడూ ఒక కంచంలో ఉండటం మంచిది.

2. ఇనుము, ఫోలిక్ ఆమ్లం: రెండూ రక్తం పట్టడానికి కావాలి. ఫోలిక్ ఆమ్లం గర్భంలోని బిడ్డ వెన్నుపాము సరిగా ఏర్పడటానికి కూడా అవసరం.

3. సున్నం, అంటే కాల్షియం: పొట్టు తీయని నువ్వుల్లో 100 గ్రాములకు వెయ్యి మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది. పొట్టు తీస్తే చాలావరకు పోతుంది. కాబట్టి పొట్టుతో ఉన్న నువ్వులే వాడండి.

4. పీచు: శనగ మెల్లగా అరుగుతుంది. తెల్లన్నం తిన్నంత వేగంగా రక్తంలో చక్కెర పెరగదు. షుగరు ఉన్నవారికి, మలబద్ధకం ఉన్నవారికి ఇది మేలు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. ధాన్యాలు, పప్పులు, ఆకుకూరల్లోని ఇనుమును మన ఒంటికి పట్టించుకోవడం కష్టం. తిన్నదానిలో కొంచెమే రక్తంలోకి పోతుంది. దానితోపాటు సి విటమిన్ ఉంటే ఎక్కువ పడుతుంది. ఈ పచ్చడిలో నిమ్మరసం రుచి కోసం మాత్రమే కాదని అందుకే చెబుతున్నాను. అన్నం తిన్న వెంటనే టీ, కాఫీ తాగితే దీనికి వ్యతిరేకంగా జరుగుతుంది. వాటిలోని వగరు పదార్థం ఇనుమును పట్టుకుని పోనివ్వదు. టీ మానమని నేను అనను, అన్నా మీరు మానరు. భోజనానికి గంట ముందు, గంట తరువాత తాగకండి, చాలు.

కావలసినవి (ఐదుగురికి ఒక పూటకు)

తెల్ల శనగలు: 200 గ్రాములు (ఇంచుమించు ఒక గ్లాసు)
నువ్వులు: 4 పెద్ద చెంచాలు
నిమ్మకాయలు: 2
వెల్లుల్లి: 2 లేక 3 రెబ్బలు
నువ్వుల నూనె: 2 పెద్ద చెంచాలు
వేయించిన జీలకర్ర పొడి: అర చెంచా
ఉప్పు: అర చెంచా, తగినంత
కారం: చిటికెడు, ఇష్టమైతే

ఆలివ్ నూనె కొనవలసిన పని లేదు. ఎర్ర శనగలతో కూడా చేసుకోవచ్చు. వాటి పొట్టు మందం గనుక ఇంకాస్త ఎక్కువ ఉడికించి, ఎక్కువసేపు నూరాలి.

చేసే విధానం

1. శనగలను రాళ్లు, పుచ్చులు ఏరి, కడిగి, మూడింతల నీటిలో రాత్రి నానబెట్టండి. ఎనిమిది నుండి పది గంటలు నానాలి. వేసవిలో నీళ్లు త్వరగా పులుస్తాయి, మధ్యలో ఒకసారి మార్చండి.

2. పొద్దున ఆ నీళ్లు పారబోసి మళ్లీ కడగండి. కడుపులో గ్యాసు పుట్టించే పదార్థాలు కొన్ని ఆ నీటితో పోతాయి.

3. శనగలు మునిగి, పైన రెండు వేళ్ల ఎత్తు నీళ్లుండేలా పోసి కుక్కర్‌లో ఐదారు విజిల్స్ రానివ్వండి. తరువాత సన్నని సెగ మీద పది నిమిషాలు ఉంచి దించండి. రెండు వేళ్ల మధ్య నొక్కితే వెన్నలా చితకాలి. బద్దలాగా విరిగితే ఇంకా ఉడకాలి. పచ్చడి బాగా కుదిరిందా లేదా అన్నది ఇక్కడే తేలిపోతుంది. త్వరగా ఉడకాలని వంటసోడా వేయకండి. అది బి విటమిన్లను పాడు చేస్తుంది, రక్తపోటు ఉన్నవారికీ మంచిది కాదు.

4. నువ్వులను నూనె లేకుండా సన్నని సెగ మీద చిటపటలాడేదాకా వేయించి చల్లార్చండి. మాడితే చేదు వస్తుంది. ముందు పొడి చేసి, నువ్వుల నూనె వేసి ముద్దగా నూరండి.

5. ఆ ముద్దలో వెల్లుల్లి, ఉప్పు, జీలకర్ర పొడి వేసి ఒక తిప్పు తిప్పి, చల్లారిన శనగలు వేయండి. నాలుగైదు చెంచాల చల్లని తాగునీరు కొంచెం కొంచెంగా పోస్తూ మెత్తగా నూరండి. రోట్లో పచ్చడి బండతో నూరితే కాస్త పలుకుగా ఉంటుంది, అదీ ఒక రుచి. శనగలు ఉడికిన నీళ్లు పారబోయకుండా చారులో పోసుకోండి.

6. చివరన నిమ్మరసం పిండి కలపండి. వేడి మీద ఉన్నప్పుడు పిండితే సి విటమిన్ పోతుంది. మనవాళ్లకు తాలింపు లేనిదే పచ్చడి కాదు గనుక, ఆవాలు, కరివేపాకు, ఒక ఎండు మిరపకాయతో తాలింపు పెట్టుకోండి. దాన్ని కూడా కాస్త చల్లార్చి వేయండి.

ఈ కొలతతో చేస్తే ఒక్కొక్కరికి ఇంచుమించు 9 గ్రాముల మాంసకృత్తులు వస్తాయి. ఒక కోడిగుడ్డులో సుమారు 6 గ్రాములు ఉంటాయి. పోల్చి చూసుకోండి.

దేనితో తినాలి?

జొన్న రొట్టె, సజ్జ రొట్టె, చపాతీ, ఇడ్లీ, దోసె, దేనితోనైనా బాగుంటుంది. దోసకాయ, క్యారెట్ ముక్కలు అద్దుకుంటే పిల్లలు ఇష్టంగా తింటారు. అన్నంలో కలుపుకునేవారు మామూలు పచ్చడిలా వేలికొసతో కాకుండా, పప్పులా గరిటెడు వేసుకోవాలి. ఇదే నేను నొక్కి చెప్పే మాట. మన కారపు పచ్చళ్లు అన్నం ఎక్కువ తినడానికి పనికొస్తాయి, ఈ పచ్చడి అన్నం కాస్త తగ్గించుకోవడానికి పనికొస్తుంది. కాబట్టి ఇందులో కారం, ఉప్పు తక్కువ వేయండి.

చేలోకి వెళ్లేవారికి

పొద్దున ఆరింటికి క్యారేజీ కట్టుకుని వెళ్లే అమ్మలు ఈ పచ్చడిని తీసుకువెళ్లవద్దు. తడిగా ఉండే ముద్ద ఎండలో మధ్యాహ్నానికి పాడైపోతుంది. దీన్ని ఇంట్లో పొద్దునో, రాత్రో తినండి.

చేలోకి వేరే పద్ధతి చెబుతాను. పుట్నాల పప్పు కూడా వేయించి పొట్టు తీసిన శనగే. ఒక గ్లాసు పుట్నాల పప్పు, పావు గ్లాసు వేయించిన నువ్వులు, కొంచెం జీలకర్ర, ఉప్పు కలిపి పొడి కొట్టి తడి తగలని డబ్బాలో పెట్టుకోండి. క్యారేజీతో పాటు రెండు చెంచాల పొడి పొట్లం, ఒక నిమ్మకాయ తీసుకువెళ్లండి. తినబోయే ముందు నిమ్మకాయ పిండి, రెండు చెంచాల తాగునీరు పోసి కలిపితే అప్పటికప్పుడు శనగ పచ్చడి తయారవుతుంది.

అయితే ముందు సబ్బుతో చేతులు కడగాలి. మిరప చేలో, పత్తి చేలో పనిచేసిన చేతులకు పురుగు మందు అంటుకుని ఉంటుంది. మందు డబ్బాలో తెచ్చిన నీళ్లతో కడుక్కోవడం కడుక్కోకపోవడం కంటే హాని.

జాగ్రత్తలు

విత్తనాల కోసం మందు పట్టించిన శనగలు మిగిలితే ఎంత కడిగినా వండకూడదు, పశువులకూ పెట్టకూడదు. విత్తనాల సంచిని వేరే గదిలో గుర్తు పెట్టి ఉంచండి.

నిల్వ శనగలకు పురుగు పడుతుందని కొందరు ఇంట్లో గింజల డబ్బాల్లో మందు బిళ్లలు వేస్తుంటారు. వాటి నుండి వచ్చే విషవాయువు నిద్రలోనే ప్రాణం తీస్తుంది. పడుకునే ఇంట్లో ఆ బిళ్లలు వద్దే వద్దు. గింజలను బాగా ఎండబెట్టి, చల్లార్చి, గాలి చొరని రేకు డబ్బాలో పోసి, నెలకొకసారి తీసి చూసుకోండి.

నాలుగైదేళ్ల లోపు పిల్లలకు గుగ్గిళ్లు, వేయించిన శనగలు, పల్లీలు గింజలుగా ఇవ్వకండి. నవ్వుతూనో, ఏడుస్తూనో తింటుంటే గింజ ఊపిరి గొట్టంలోకి పోతుంది. తింటున్న బిడ్డకు ఒక్కసారిగా దగ్గు తెర వచ్చి, పిల్లికూత, ఆయాసం మొదలైతే దగ్గు తగ్గినట్టు కనిపించినా ఆసుపత్రికి తీసుకురావాలి. అదే శనగ మెత్తని ముద్దగా ఇస్తే ఆ భయం ఉండదు. ఆరు నెలలు నిండిన బిడ్డకు తల్లిపాలతో పాటు ఉప్పు, కారం లేకుండా, పొట్టు పోయేలా జల్లెడ పట్టి అర చెంచాతో మొదలుపెట్టండి.

నువ్వులు కొద్దిమందికి పడవు. మొదటిసారి కొంచెమే ఇచ్చి చూడండి. దద్దుర్లు, పెదవుల వాపు, ఆయాసం కనిపిస్తే వెంటనే డాక్టరు దగ్గరకు రండి.

కిడ్నీ జబ్బు ఉన్నవారు ఎంత తినవచ్చో డాక్టరును అడిగి తినండి. శనగలు అలవాటు లేనివారు మొదటి వారం రెండేసి చెంచాలతో మొదలుపెడితే కడుపు ఉబ్బరం ఉండదు.

చేసిన పచ్చడి బయట రెండు గంటల కంటే ఎక్కువ ఉంచకండి. రోహిణీ కార్తె ఎండల్లో ఒక గంటే. ఫ్రిజ్ ఉంటే మూత పెట్టి మూడు రోజుల్లో ముగించండి. పులుపు వాసన వస్తే రుచి చూడకుండానే పారేయండి.

ఇంకొక్క మాట. ఈ పచ్చడి ఆహారమే గాని మందు కాదు. హిమోగ్లోబిన్ తగ్గినవారు ఐరన్ మాత్రలు వాడాల్సిందే. నులిపురుగుల మాత్ర వేసుకోవాలి. నెలసరిలో ఎక్కువ రక్తం పోతుంటే సిగ్గుపడకుండా చెప్పాలి. గర్భిణులు ఆశా కార్యకర్త ఇచ్చే మాత్రలను అటక మీద దాచకుండా మింగాలి.

ఒక బస్తా లెక్క

ఐదుగురికి ఒక పూటకు 200 గ్రాములు. వారానికి ఐదు రోజులు చేసుకుంటే కిలో. ఏడాదికి 52 వారాలు, 52 కిలోలు. అంటే ఇంచుమించు యాభై కిలోల బస్తా ఒక్కటి. పదిహేను బస్తాలు అమ్మే ఇంట్లో ఒక్క బస్తా వెనక్కి పెట్టుకుంటే ఏడాది పొడవునా ఆ ఇంటికి సరిపోతుంది. శనగ పండించని వారు నెలకు నాలుగు కిలోలు కొనుక్కోవచ్చు.

మొదట చెప్పిన తల్లికి ఈ లెక్కే వేసి చూపించాను. డాక్టరు గారు మాత్రలు రాసిచ్చారు. మూడు నెలల తరువాత పరీక్షకు వచ్చినప్పుడు హిమోగ్లోబిన్ 10.1 ఉంది. అది పచ్చడి వల్లే పెరిగిందని నేను అనను. మాత్రలు మానకుండా వేసుకుంది, పురుగుల మాత్ర వేసుకుంది, టీ గంట ఆగి తాగుతోంది. ఇంకా 12కు రావాలి. కానీ వెళ్లబోతూ ఆమె చెప్పిన మాటకు నాకు సంతోషమైంది.

"మా ఆయన బేరగాడితో పద్నాలుగు బస్తాలే అన్నాడండి సిస్టర్ గారూ. ఒకటి మాకేనంట."

మననం చేసుకుందాం

1. శనగ పచ్చడిలో నిమ్మరసం ఎందుకు? దాన్ని ఎప్పుడు కలపాలి?
2. భోజనానికి, టీకి మధ్య ఎంత సమయం ఉండాలి?
3. పసిపిల్లలకు శనగ గింజలు ఎందుకు ఇవ్వకూడదు? ఎలా ఇవ్వవచ్చు?
4. ఎలాంటి శనగలను ఎన్నడూ వండకూడదు?
5. మీ ఇంట్లో ఎంతమంది? మీ ఇంటికి ఏడాదికి ఎన్ని కిలోల శనగలు కావాలో లెక్క వేయండి.